కావలెను: ఈ ఊరివాడు కానివాడు

కావలెను. పని ఏదైనా సరే. వయసు, బరువు మోసేంత. చదువు, సంతకం పెట్టేంత. పైన ఏం రాసుందో చదివేంత మాత్రం వద్దు. పని జరిగే ఊరి భాష రాకపోతే మరీ మంచిది. ఇంతకుముందు ఎక్కడైనా కూలి ఎగ్గొట్టించుకుని నోరెత్తని అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. అసలు అర్హత ఒక్కటే: అభ్యర్థి ఈ ఊరివాడు కాకూడదు.

ఈ ప్రకటన ఏ పేపర్లోనూ రాదు. రావలసిన పనీ లేదు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా దీన్ని చదవనివాడు లేడు.

ప్రభుత్వం వారు మాత్రం దీన్ని తిరగేసి అచ్చు వేయిస్తుంటారు. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక చట్టం చేసింది. పరిశ్రమల్లో, కర్మాగారాల్లో నూటికి 75 ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలి. అప్పటికే నడుస్తున్న కంపెనీలు మూడేళ్ళలో ఆ లెక్కకు రావాలి. పని తెలిసిన స్థానికుడు దొరకలేదంటే కుదరదు, సర్కారుతో కలిసి శిక్షణ ఇచ్చి మరీ తీసుకోవాలి. దేశంలో ఇలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం మనదేనని బల్లలు చరిచారు, పాలాభిషేకాలు చేశారు. మూడేళ్ళ గడువు 2022లో వచ్చింది, వెళ్ళింది. ఆ మూడేళ్ళూ, ఆ తర్వాతా పలాస స్టేషన్లో చెన్నై బండి జనరల్ పెట్టెల ముందు నిలబడ్డ మన కుర్రాళ్ళ వరుస ఒక్క గజం తగ్గలేదు.

ఈ చట్టం పనిచేసే తీరు చూడాలంటే రణస్థలం మండలం పైడిభీమవరం వైపు వెళ్ళాలి. అక్కడ మందుల కంపెనీలు వరసగా ఉంటాయి. ఏ కంపెనీ పేరూ నేను చెప్పను. గేట్ల రంగులు వేరైనా లోపల నుంచి వినిపించే జవాబు ఒక్కటే కాబట్టి పేర్లతో పనిలేదు. గేటు బయట పొలం పోగొట్టుకున్న రైతు కొడుకు నిలబడతాడు. లోపల నుంచి లేబర్ కాంట్రాక్టరు వస్తాడు.

"ఏటి బావూ, మా బూవుల్లో కంపినీ ఎట్టినారు, మా నూతిలో నీలు పాడైపోనాయి, మాకు మట్టుకు పని నేదంతావేటి?"

"నిన్ను కాదనడం లేదు తమ్ముడూ. నువ్వు లోకల్‌వి. లోకల్‌వాడితో నాకు పడదు."

ఎందుకు పడదో ఆయన చెప్పడు గాని మనం ఊహించుకోవచ్చు. లోకల్‌వాడికి అమ్మ ఉంటుంది, ఆవిడకి జ్వరం వస్తుంది. గ్రామదేవత సంబరం ఉంటుంది. విజయనగరంలో పైడితల్లి సిరిమాను ఊరేగితే ఆ రోజు వాణ్ణి కట్టేసినా డ్యూటీకి రాడు. ఎనిమిది గంటలు దాటితే గోడ గడియారం వైపు చూస్తాడు. ఓటు ఉంటుంది, ఆ ఓటు వెనకాల సర్పంచి, ఆ సర్పంచి వెనకాల ఎమ్మెల్యే ఉంటారు. అన్నిటికన్నా పెద్ద తప్పు, లోకల్‌వాడి చెయ్యి మిషన్లో పడితే వాడి వెనక ఊరు ఊరంతా గేటు దగ్గరికొస్తుంది. బయటివాడి చెయ్యి పడితే వాడి వెనక ఇంకో బయటివాడు వస్తాడు, ఆ ఖాళీలోకి.

కనుక నూటికి 75 లెక్కను కంపెనీలు ఎప్పుడూ తప్పవు. లెక్క పెట్టేది కంపెనీ పుస్తకంలో ఉన్నవాళ్ళనే కదా! పుస్తకం బయట, కాంట్రాక్టరు చేతికింద, ఆ కాంట్రాక్టరు కింద ఇంకో కాంట్రాక్టరు చేతికింద ఉన్నవాళ్ళు ఏ లెక్కలోకీ రారు. తోట నీళ్ళు, గేటు కాపలా, ఊడ్చే పని స్థానికులకిచ్చి, వాళ్ళ ఫోటోలు వార్షిక నివేదికలో రంగుల్లో వేస్తే నూటికి నూరు అయినా చూపించవచ్చు.

హర్యానావాళ్ళు మనల్ని చూసి ఇదే 75 శాతం చట్టం చేస్తే పంజాబ్, హర్యానా హైకోర్టు 2023 నవంబరులో కొట్టేసింది. 2024 జులైలో కర్ణాటక ఇలాంటి బిల్లు తెస్తే బెంగళూరు కంపెనీలు కన్నెర్రజేశాయి, అది చూస్తుండగానే అటకెక్కింది. మన చట్టం మీద మాత్రం అంత రభస లేదు. నొప్పి పుడితే కదా ఎవడైనా అరిచేది!

ఇంతకీ స్థానికుడంటే ఎవరు? ప్రైవేటు గేటు సంగతి వదిలేసి సర్కారు నౌకరీకి పోదాం. అక్కడ 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు ఉన్నాయి. పుట్టిన ఊరు, తాత సమాధి, ఇంటి పన్ను రసీదు ఇవేవీ అక్కడ చెల్లవు. పరీక్ష రాసిన ఏడుతో కలిపి వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివావన్నదే ప్రశ్న. ఇప్పుడొక మేస్త్రి కొడుకుని తీసుకోండి. సంతకవిటి మండలంలో పుట్టాడు. వానలు లేక తల్లిదండ్రులు హైదరాబాదు అపార్టుమెంటు పనికి పోతే వెంట పోయాడు. పునాదుల పక్కన రేకుల షెడ్డులో ఉంటూ, దగ్గర్లోని సర్కారు బడిలో పదో తరగతి దాకా చదివాడు. వాడిప్పుడు శ్రీకాకుళానికి నాన్‌లోకల్. వలస పోయిన పాపానికి తండ్రికి కూలి, కొడుకుకి ఊరు పోయాయి. సరే, వాడి పక్కింటి కుర్రాడు ఎక్కడికీ పోలేదు, సంతకవిటిలోనే కూర్చున్నాడు. 2022 ఏప్రిల్ 4న తెల్లారి లేచేసరికి అతని మండలం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకి నడిచిపోయింది. కదలనివాణ్ణి కూడా కదిలించగల సత్తా మన రెవెన్యూ శాఖకుంది.

ఊళ్ళో కుదరదని తేలింది గనక ఊరు దాటుదాం. ఊరు దాటినవాడి కోసం దేశంలో 1979లోనే ఒక చట్టం వచ్చింది, అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల చట్టం. ఆ చట్టానికి మూలం మనకు దూరం కాదు. సరిహద్దు అవతల ఒడిశాలో దాదన్ కూలీలని చెప్పి మనుషుల్ని మూకుమ్మడిగా తోలుకుపోయేవారు, ఆ గోల ఢిల్లీ దాకా వినబడి చట్టమైంది. అందులో ఏముందో చదివితే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. కూలీని వేరే రాష్ట్రానికి తీసుకెళ్ళే కాంట్రాక్టరుకి లైసెన్సు ఉండాలి. కూలీకి ఫోటో అంటించిన పాసుపుస్తకం ఇవ్వాలి, కూలి ఎంతో, ఎన్నాళ్ళో అందులో రాయాలి. ఊరు విడిచినందుకు నెల జీతంలో సగం భత్యంగా ఇవ్వాలి, అది తిరిగి పట్టుకోకూడదు. రానూపోనూ ఖర్చులివ్వాలి, దారిలో గడిచిన రోజులకీ కూలి కట్టాలి. ఉండడానికి గూడు, ఉచితంగా వైద్యం. ప్రమాదంలో ప్రాణం పోతే రెండు రాష్ట్రాల అధికారులకీ, ఇంటివాళ్ళకీ కబురు చెయ్యాలి.

ఆమదాలవలస, పార్వతీపురం, పొందూరు, బొబ్బిలి, ఎక్కడైనా రచ్చబండ మీద కూర్చున్న పాత వలసకూలీని అడగండి, ఆ పాసుపుస్తకం రంగేమిటని. బ్యాంకు పాసుపుస్తకం తెచ్చి చూపిస్తాడు పాపం. ఆయన దగ్గరున్న అసలు కరారు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు. అది కాగితం మీద ఉండదు, నోట్ల రూపంలో ఉంటుంది. తీసుకున్న రాత్రే సగం అప్పులవాడికీ, మిగతాది కూతురి పెళ్ళివాళ్ళకీ పోతుంది. ఆ తర్వాత పని నచ్చకపోయినా, కూలి తగ్గినా, పరంజా ఊగుతున్నా దిగి రావడానికి లేదు. దేశంలోని కార్మిక చట్టాలన్నీ ఒక ఎత్తు, ఆ అడ్వాన్సు ఒక ఎత్తు. చట్టం తప్పినవాడికి జరిమానా పడిందో లేదో గాని అడ్వాన్సు తప్పినవాడి ఇంటిముందు మాత్రం మర్నాడే మనుషులుంటారు.

2014 జూన్ 28 సాయంత్రం చెన్నై శివారు మౌళివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలింది. 61 మంది చనిపోయారు. అందులో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు చాలామంది. జీతాల రోజు శనివారం గనక కూలి డబ్బులకోసం కిందికి దిగి నిలబడ్డవాళ్ళూ ఉన్నారని చెప్పుకున్నారు. కట్టినవాళ్ళు మొదట చెప్పిన కారణం పిడుగు. పిడుగుకి లైసెన్సు అక్కర్లేదు కదా. మన అధికారులు అంత దూరం వెళ్ళి శవాల పక్కన నిలబడి ఇది ఏ ఊరు, ఇది ఎవరింటి మనిషి అని తేల్చుకోవలసి వచ్చింది. చట్టం చెప్పిన రిజిస్టరు ఉంటే అదంతా ఒక్క పేజీ పని. తర్వాత రెండేళ్ళకి, 2016 నవంబరులో, పక్కనే మిగిలిన జంట భవనాన్ని మందుగుండు పెట్టి జాగ్రత్తగా, లెక్కగా, ఒక్కరికీ గీత పడకుండా కూల్చారు. దానికి మాత్రం నిపుణులతో ఒప్పందం పకడ్బందీగా కుదుర్చుకున్నారు. కట్టేటప్పుడు లేని కాగితాలన్నీ కూల్చేటప్పుడు ఉన్నాయి.

ఇప్పుడు ఆ 1979 చట్టం లేదు. 2025 నవంబరు 21 నుంచి 29 పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కొత్తదాంట్లో మెచ్చుకోవలసినవి ఉన్నాయి, దాచకుండా చెబుతాను. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. కాంట్రాక్టరు తీసుకెళ్తేనే కాదు, తనంతట తాను వెళ్ళి పనిలో చేరినవాణ్ణీ వలస కార్మికుడిగానే లెక్కించాలి. నిర్ణీత కాలానికి తీసుకున్నవాడికి ఏడాది నిండితే గ్రాట్యుటీ ఇవ్వాలి. బాగుంది. ఇక అవతలి పేజీ. ఊరు విడిచినందుకిచ్చే ఆ సగం నెల జీతం భత్యం మాయం. పాత చట్టం ఐదుగురు వలసకూలీలున్న చోట మొదలయ్యేది, కొత్తది పదిమందికి గాని కళ్ళు తెరవదు. కాంట్రాక్టు కూలీల చట్టం ఇరవై దగ్గర మేలుకునేది, ఇప్పుడు యాభై దాకా నిద్రపోతుంది. తొమ్మిదిమందితో ఒక ముఠా, నలభై తొమ్మిదిమందితో ఒక కాంట్రాక్టు. మన మేస్త్రులు లెక్కల్లో ఎప్పుడూ తప్పలేదు.

నేల మీద పాట్లు ఇవి. నీళ్ళ మీద ఇంకో ముచ్చట. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. ప్రతి ఎన్నికల సభలో ఆ అంకె వినిపిస్తుంది. ఆ తీరం పొడవునా పడవ లంగరేసుకునే సరైన చేపల రేవు కోసం మత్స్యకారులు అడిగి అడిగి, చివరికి తామే రేవున్న చోటికి పోయారు. ఎక్కడో గుజరాత్ వెరావల్. నెలల తరబడి సముద్రం మీదే, ఏడాదిలో ముప్పాతిక భాగం. కుదుర్చుకునేది పడవ నడిపించే తండేలు, పడవ షావుకారుది, వల షావుకారుది, చేప షావుకారుది. కూలీది ప్రాణం ఒక్కటే. 2018 నవంబరు చివర్లో ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వంటి పల్లెలవాళ్ళు అలా వేటాడుతూ పాకిస్తాన్ జలాల్లోకి పోయారని అక్కడి గస్తీవాళ్ళు పట్టుకుపోయారు. కరాచీ జైల్లో పదమూడు నెలలు దాటింది. 2020 జనవరి 6న వాఘా సరిహద్దులో 20 మంది మన గడప తొక్కారు.

నాకొక సందేహం. శ్రీకాకుళం మనిషి, గుజరాత్ పడవ, పాకిస్తాన్ జైలు. ఆ పదమూడు నెలల కూలి ఎవరు ఇవ్వాలి? ఏ చట్టంలో ఏ సెక్షను? వాళ్ళు ఆ రోజుల్లో స్థానికులా, వలసకూలీలా, విదేశీయులా? పాకిస్తాన్ ఒక్కటే వాళ్ళకి రాతపూర్వకంగా ఒక కాగితం ఇచ్చింది, అది కేసు కాగితం. ఆ ఉదంతం మీద తర్వాత సినిమా వచ్చింది, 2025 ఫిబ్రవరిలో, 'తండేల్'. అందులో మత్స్యకారుడి వేషం వేసిన ప్రతి నటుడికీ, గుంపులో నిలబడ్డ చిన్న నటుడికి కూడా, సంతకాలున్న కరారు ఉండే ఉంటుంది. నిజం మత్స్యకారుడికి లేనిది వాడి వేషానికి దొరికింది.

ఇక విదేశం. ఉద్దానం నుంచి, సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరుల నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు గల్ఫుకీ, సింగపూరుకీ, మలేషియాకీ పోతూనే ఉంటారు. వీళ్ళ రక్షణకి 1983 నాటి వలస చట్టం ఉంది. దాని ప్రకారం పదో తరగతి పాస్ కానివాడు గల్ఫు వంటి దేశాలకు పనికి పోవాలంటే ముందుగా ఆ ఉద్యోగ ఒప్పందం సర్కారుకి చూపించి అనుమతి తీసుకోవాలి. పాసైనవాడికి అక్కర్లేదు. అంటే పదో తరగతి పాసైనవాణ్ణి ఏ ఏజెంటూ మోసం చెయ్యలేడని భారత ప్రభుత్వం నమ్మకం. మన పదో తరగతి చదువు మీద ఇంత విశ్వాసం ఉన్నవాళ్ళు ప్రపంచంలో ఇంకెవరూ లేరు, ఆ చదువు చెప్పిన మాస్టార్లతో సహా.

లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. రసీదు కూడా అంతకే ఇస్తాడు, చట్టాన్ని గౌరవించే మనిషి. మిగతా లక్షా, లక్షన్నరా రసీదు లేకుండా తీసుకుంటాడు. రసీదు రాస్తే చట్టం తప్పినట్టవుతుంది గదా మరి. ఒప్పందం ఇంగ్లీషులో ఒకటి, అరబ్బీలో ఇంకొకటి ఉంటుంది. విమానం ఎక్కేముందు ఒక జీతం, దిగాక ఒక జీతం. పాస్‌పోర్టు కఫీల్, అంటే అక్కడి యజమాని, బీరువాలో. యజమాని సంతకం లేకుండా ఉద్యోగం మారే వీల్లేని ఆ పద్ధతిని ఖతార్ 2020లో సడలించింది, 2021 మార్చి నుంచి నెలకి వెయ్యి రియాళ్ళ కనీస వేతనం పెట్టింది. ప్రపంచకప్ ఆడించాలి గనక కెమెరాల ముందు ఆ మాత్రం సిగ్గుపడింది. అన్ని దేశాలకీ ప్రపంచకప్ రావాలని కోరుకోవడం మినహా మన చేతిలో ఏముంది?

ఉంది లెండి, మన చేతిలో కూడా ఒకటి ఉండేది. మనవాణ్ణి ఇంతకన్న తక్కువ జీతానికి తీసుకోకూడదని గల్ఫు దేశాలకు ఒక హద్దు మన కేంద్ర ప్రభుత్వమే పెట్టింది. 2020 సెప్టెంబరులో, కరోనా మధ్యలో, ఆ హద్దుని మన ప్రభుత్వమే 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. ఉద్యోగాలు చేజారిపోకూడదని కారణం చెప్పింది. గల్ఫు షేకు అడగలేదు, బేరం ఆడలేదు. సంతలో పశువుని అమ్మేవాడే కొనేవాడి బదులు బేరం ఆడి ధర తగ్గించినట్టయింది. గొడవ జరిగి, కోర్టు దాకా పోయాక, 2021 జులైలో పాత హద్దు తిరిగొచ్చింది. మధ్యలో తక్కువ జీతానికి సంతకం పెట్టి వెళ్ళినవాడి ఒప్పందం మాత్రం వాడితోనే ఉంది.

సౌదీవాళ్ళు 2011లో నితాఖత్ పెట్టారు. కంపెనీల్లో ఇంత శాతం సౌదీ పౌరులే ఉండాలి, లేకపోతే పరదేశి పనివాళ్ళకి వీసాలు ఆపేస్తాం అని. అప్పుడు మన నాయకులు ఇదేమి అన్యాయం, స్థానికులు పరదేశులని మనుషుల్ని విడదీస్తారా అని ఉపన్యాసాలిచ్చారు. ఎనిమిదేళ్ళు గడిచాక 75 శాతం చట్టం చేసి మళ్ళీ ఉపన్యాసాలిచ్చారు. సౌదీలో ఆ చట్టానికి మన శ్రీకాకుళంవాడు బయటివాడు. శ్రీకాకుళంలో ఈ చట్టానికి వాడే లోపలివాడు. రెండు చట్టాలకీ వాడికి ఒరిగింది ఒక్కటే, ఇంటికి తిరిగొచ్చే టికెట్టు.

కంబోడియా సంగతి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కథ అది. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఉత్తరాంధ్ర కుర్రాళ్ళని లక్షలు కట్టించుకుని పంపితే, అక్కడ చైనా ముఠాల చేతికింద మనవాళ్ళకే ఫోన్లు చేసి దోచే పని. వాళ్ళలో పది పాసైనవాళ్ళే కాదు, ఇంకా పై చదువులవాళ్ళూ ఉన్నారు. సర్కారు నమ్మకం మళ్ళీ గెలిచింది.

ఇదంతా కొత్త రోగమని అనుకోకండి. మన తాతల కాలంలో ఇదే మనిషి రంగం, అంటే బర్మా, పోయేవాడు. గంజాం, విశాఖపట్నం జిల్లాల కూలీ రంగూన్ రేవులో బస్తాలు మోసేవాడు. 1930 మేలో ఆ తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. రేవు కంపెనీలు అప్పటిదాకా పనికిరారని పక్కన పెట్టిన స్థానిక బర్మావాళ్ళని రప్పించి పనిలో దింపాయి. సమ్మె తీరగానే బర్మావాళ్ళని ఇక పొమ్మన్నాయి, తెలుగువాళ్ళని మళ్ళీ రమ్మన్నాయి. కడుపు మండిన బర్మావాళ్ళు కంపెనీ గుమ్మం దగ్గరికి పోలేదు. కంపెనీకి కాపలా ఉంది. తెలుగువాళ్ళ పాకలకి కాపలా లేదు. వందమందికి పైగా చచ్చారు, ఎక్కువమంది మనవాళ్ళు. కంపెనీవాళ్ళు ఒక్కరికీ గాయం తగిలినట్టు నేనెక్కడా చదవలేదు. లోకల్, నాన్‌లోకల్ ఆటకి నియమాలు ఆ రోజే పూర్తిగా రాసి ఉన్నాయి. తొంభై ఏళ్ళ తర్వాత మనం చేసింది దానికి శాతాలు కలపడం.

అంతకు ముందు ఫిజీకి 1903 నుంచి మద్రాసు ఓడలెక్కిన తెలుగువాళ్ళకి ఒప్పంద పత్రం ఉండేది. ఐదేళ్ళు, మగవాడికి రోజుకి షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు, అన్నీ అచ్చులో ఉండేవి. అది వెట్టి అని లోకం తిట్టి 1917లో ఆపించింది. అప్పటి వెట్టివాడికి అచ్చు కాగితం ఉండేదని, ఇప్పటి స్వతంత్రుడికి తెల్ల కాగితం కూడా లేదని గుర్తుచెయ్యడం వెట్టిని పొగడడం కాదు. ఇప్పటివాళ్ళని తెగడడం.

ఇంతదాకా మనవాడి గోడు చెప్పుకున్నాం. ఇప్పుడు అద్దం ఇటు తిప్పాలి. ఇచ్ఛాపురం దాటి ఒడిశా నుంచి దిగే కుటుంబాలు మన జిల్లాల ఇటుకబట్టీల్లో పిల్లాజెల్లాతో మట్టి తొక్కుతుంటాయి. వాళ్ళూ అడ్వాన్సు పుచ్చుకుని వచ్చినవాళ్ళే. పెద్ద కట్టడాల దగ్గర బీహారీ, జార్ఖండీ, బెంగాలీ కుర్రాళ్ళు. 2020 లాక్‌డౌన్లో మన మత్స్యకారుల్ని గుజరాత్ నుంచి బస్సుల్లో తెప్పించుకుంటూ కళ్ళొత్తుకున్న మనమే, అదే వారాల్లో జాతీయ రహదారి మీద ఉత్తరానికి నడిచిపోతున్నవాళ్ళని కిటికీల్లోంచి చూశాం. కొందరు అన్నం పెట్టారు, ఆ పుణ్యం వాళ్ళది. కానీ ఆ నడిచిపోయినవాళ్ళకి కూలి బాకీ పెట్టినవాళ్ళలో తెలుగువాళ్ళు లేరని ఎవరైనా ప్రమాణం చేస్తారా? చెన్నైలో మనవాణ్ణి 'గొల్టి' అన్నారని మండిపడే పెద్దమనిషి తన బట్టీలో ఉన్నవాణ్ణి 'ఒడియావోడు' అని తప్ప పేరుతో పిలవడు. పలాసలో ఒక బండి మనవాణ్ణి దక్షిణానికి ఎక్కించుకుంటుంది, ఇంకో బండి ఉత్తరాదివాణ్ణి దింపుతుంది. ఇద్దరూ సొంతూళ్ళో ఇదే పని చెయ్యగలరు. చేస్తే మనుషులైపోతారు, అదే చిక్కు.

కాబట్టి 75 శాతం చట్టాన్ని రద్దుచేసి, ఉన్న వాస్తవాన్ని గౌరవించే కొత్త చట్టం తేవాలని శాసనసభ్యులకి వినయంగా మనవి చేస్తున్నాను. ముసాయిదా నేనే రాసిపెట్టాను. పేరు 'శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల స్వగ్రామ పరదేశుల చట్టం'. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి స్థానికుణ్ణీ తన సొంత ఊళ్ళో స్థానికేతరుడిగా ప్రకటించవలెను. "ఇతనికి ఈ గ్రామంతో ఏ సంబంధమూ లేదు" అని తహసీల్దారు ధ్రువపత్రం ఇవ్వవలెను. అందుకు ఇద్దరు సాక్షులు కావలెను. వాళ్ళు అభ్యర్థిని పుట్టినప్పటి నుంచి ఎరగనివారై ఉండవలెను. ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలుగు మాట్లాడినవాడి అర్హత రద్దు. "హా జీ" అనడంలో మూడు నెలల ఉచిత శిక్షణ సర్కారే ఇచ్చును. తల్లి చనిపోయినచో షిఫ్టు ముగిసిన తర్వాత తెలియజేయబడును. వలస అనుభవం లేనివారు పలాసలో బండెక్కి మందసరోడ్డులో దిగి వెనక్కి వచ్చినచో వలస వెళ్ళినట్టు పరిగణింపబడును; భత్యం ఎలాగూ ఎత్తేశారు గనక ఖజానాకి భారం లేదు. ఇక ఒడిశా, బీహారు నుంచి వచ్చినవారు కూలి అడిగినచో ఆ ఒక్క రోజుకు వారిని స్థానికులుగా పరిగణించవలెను, అప్పుడు వలస కార్మికుల నిబంధనలు వారికి వర్తించవు.

రాజ్యాంగ విరుద్ధమని దీన్ని ఎవరూ కోర్టుకి లాగరు. ఎప్పటి నుంచో అమల్లో ఉన్నదానికి అంకె వేస్తున్నాం, అంతే.

పోతే, శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో, విశాఖలోనో ఫ్లాటు బుక్ చేసుకుంటున్న పాఠకులకి ఒక మాట. బిల్డర్ని వాస్తు అడుగుతారు, బోరు అడుగుతారు, లిఫ్టు ఏ కంపెనీదని అడుగుతారు. ఈసారి ఇంకొకటి కూడా అడగండి. ఆ స్లాబు వేసినవాళ్ళ పేర్లు, ఊళ్ళు రాసిన రిజిస్టరు, వాళ్ళకిచ్చిన నియామక పత్రాల నకళ్ళు చూపించమనండి. 2025 నవంబరు నుంచి ఆ పత్రం ఇవ్వడం చట్టప్రకారం తప్పనిసరి. లేదంటే మీ అడ్వాన్సు వెనక్కి ఇమ్మనండి. అడ్వాన్సు వెనక్కి అడిగే బలం ఈ మొత్తం వ్యవహారంలో మీ ఒక్కరికే ఉంది.